శూన్యనాళిక – శబ్దమాధుర్యం

ధ్వని పుట్టిన చోటనే, పుట్టిన క్షణంలోనే లయిస్తుంది. దానిని పట్టి ఉంచి, కోరినప్పుడు మళ్ళీ వినడం పంతొమ్మిదవ శతాబ్ది చివరి పాదం వరకు మానవునికి సాధ్యం కాలేదు. 1877లో ఎడిసన్ ఫోనోగ్రాఫును నిర్మించడంతో ధ్వనిని నిలుపుకొనే ఉపాయం తెలిసింది. అయితే అలా నిలిచిన ధ్వని చాలా బలహీనమైనది. దానిని సభలోని చివరి వరుసవారికి కూడా వినిపించేంత బలంగా పెంచిన సాధనం శూన్యనాళిక. గాలిని తీసివేసిన చిన్న గాజుబుడ్డిలో సన్నని తీగలు, లోహపు రేకులు అమర్చి చేసిన ఈ పరికరాన్ని ప్రజలు ‘వాల్వు’ అని పిలిచారు. తెలుగునాట ఆ మాటే స్థిరపడింది.

కర్నూలు జిల్లా పడమటి భాగంలో తుంగభద్రకు దక్షిణంగా ఆదోని, ఎమ్మిగనూరు, మంత్రాలయం ఉన్నాయి. ఆదోని పత్తి వ్యాపారానికి, ఎమ్మిగనూరు చేనేతకు, మంత్రాలయం శ్రీ రాఘవేంద్రస్వామి బృందావనానికి ప్రసిద్ధి పొందాయి. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రం ఏర్పడే వరకు ఈ ప్రాంతం బళ్ళారి జిల్లాలోని ఆదోని తాలూకాకు చెందినది. విజయవాడలో ఆకాశవాణి కేంద్రం 1948లోను, కడపలో 1963లోను ప్రారంభమయ్యాయి. ఆ తొలి రోజులలో ఇంట్లోని రేడియో, టాకీసులోని ఆంప్లిఫయరు, జాతరలలో మోగే మైకుసెట్టు అన్నీ వాల్వులతోనే పనిచేసేవి. మీట నొక్కిన వెంటనే రేడియో పలికేది కాదు. లోపలి వాల్వులు వేడెక్కి ఎర్రని కాంతి కనిపించే వరకు ఇంటిల్లిపాదీ వేచి ఉండవలసి వచ్చేది.

ఈ వాల్వుల కోసం దేశం చాలాకాలం విదేశాలపై ఆధారపడింది. 1954లో పొరుగునే ఉన్న బెంగుళూరులో భారత్ ఎలక్ట్రానిక్స్ లిమిటెడ్ అనే ప్రభుత్వరంగ సంస్థ ఏర్పడింది. సంక్షిప్తంగా దీనిని ‘బెల్’ అంటారు. 1961లో అది రేడియో వాల్వుల తయారీని చేపట్టింది. హాలెండుకు చెందిన ఫిలిప్స్ సంస్థ సాంకేతిక సహకారం ఇందుకు తోడ్పడింది. ‘బెల్’ ముద్ర గల వాల్వులు పాత రేడియోలలోను, పాత పరికరాలు అమ్మే అంగళ్ళలోను నేటికీ అక్కడక్కడ కనిపిస్తాయి.

తరువాతి కాలంలో ట్రాన్సిస్టరు వచ్చి వాల్వును దాదాపు అన్ని రంగాల నుండి తొలగించింది. అయినా సంగీతప్రియులలో కొందరు వాల్వును విడువలేదు. మూలధ్వనికి సాధ్యమైనంత విధేయంగా వినిపించే పరికరాలను ‘హై-ఫై’ పరికరాలు అంటారు. వీటిలో వాల్వులతో పనిచేసే ప్రీ ఆంప్లిఫయర్లు, అనగా పూర్వవర్ధకాలు, ఈనాటికీ తయారవుతున్నాయి. వాటిలోని వాల్వులను ఊడదీసి వేరే వాల్వులను పెట్టుకొనే వీలున్నది. అందువల్ల ఒక ప్రశ్న తరచుగా ఎదురవుతున్నది. వాల్వును మారిస్తే ధ్వని మెరుగుపడుతుందా? పడితే ఏ వాల్వును ఎంచుకోవాలి? పేరుమోసిన పాత వాల్వు ఒక్కటి కొనడానికి వేలకు వేలు వెచ్చించేవారున్నారు. దాని కోసం పనిచేస్తున్న పాత రేడియోను పాడుచేసేవారూ ఉన్నారు. కనుక ఈ ప్రశ్నకు శాస్త్రీయమైన సమాధానం అవసరం. క్లుప్తంగా చెప్పాలంటే, వాల్వును దాని పేరును బట్టి కాక, వలయంలో అది చేయవలసిన పనిని బట్టి, దాని ఆరోగ్యాన్ని బట్టి ఎంచుకోవాలి. మెరుగుదల కలిగిందా లేదా అన్న తీర్పును నిష్పాక్షికమైన చెవికి వదిలిపెట్టాలి.

వాల్వు పనిచేసే తీరును ముందుగా తెలుసుకోవాలి. లోహాన్ని బాగా వేడిచేస్తే దాని ఉపరితలం నుండి ఎలక్ట్రానులు వెలువడతాయి. విద్యుద్దీపాలపై ప్రయోగాలు చేస్తూ ఎడిసన్ 1880 దశకంలో దీని ప్రభావాన్ని గమనించాడు. ఇంగ్లండులో ఫ్లెమింగ్ 1904లో ఈ ధర్మం ఆధారంగా రెండు ఎలక్ట్రోడులు గల డయోడును నిర్మించాడు. అమెరికాలో లీ డి ఫారెస్ట్ 1906లో ఆ రెండింటి నడుమ ‘గ్రిడ్’ అనే మూడవ ఎలక్ట్రోడును చేర్చాడు. అదే ట్రయోడు. ఇందులో వేడెక్కి ఎలక్ట్రానులను ఇచ్చేది కాథోడు. వాటిని ఆకర్షించేది ధనావేశం గల ప్లేటు. నడుమనున్న గ్రిడ్ సన్నని తీగచుట్ట.

తుంగభద్ర కాలువపై తూమును చూసినవారికి గ్రిడ్ చేసే పని సులభంగా బోధపడుతుంది. తూము షట్టరును లస్కరు కొద్దిగా తిప్పితే చాలు, కాలువలో పారే నీరంతా పెరుగుతుంది లేదా తగ్గుతుంది. నీటిని తోసేది లస్కరు బలం కాదు, జలాశయంలోని నీటిమట్టం. అతడు చేసేది నియంత్రణ మాత్రమే. అదేవిధంగా గ్రిడ్‌పై వోల్టేజి కొద్దిగా మారితే కాథోడు నుండి ప్లేటుకు ప్రవహించే ఎలక్ట్రానుల సంఖ్య బాగా మారుతుంది. ప్రవాహానికి కావలసిన శక్తిని విద్యుత్ సరఫరా ఇస్తుంది. గ్రిడ్‌కు అందిన అల్ప సంకేతం ప్లేటు వద్ద పెద్ద సంకేతంగా ప్రతిఫలిస్తుంది. దీనినే వర్ధనం అంటారు.

ప్రీ ఆంప్లిఫయరు పని మరింత సున్నితమైనది. గ్రామఫోను రికార్డు గాడిలో ముల్లు కదిలినప్పుడు అయస్కాంత పికప్పు నుండి వెలువడే సంకేతం కొన్ని మిల్లీవోల్టులు మాత్రమే. సాధారణంగా 1000 హెర్ట్జుల పౌనఃపున్యం వద్ద దానిని సుమారు 100 రెట్లు పెంచవలసి ఉంటుంది. పైగా రికార్డును కోసేటప్పుడు మంద్రస్వరాలను తగ్గించి, తారస్వరాలను పెంచి కోస్తారు. అలా చేయకపోతే మంద్రస్వరాల గాడులు మరీ వెడల్పై, రికార్డులో ఎక్కువసేపటి సంగీతం పట్టదు. ఈ తేడాను సరిచేస్తూ ప్రీ ఆంప్లిఫయరు మంద్రస్వరాలను తిరిగి పెంచుతుంది, తారస్వరాలను తగ్గిస్తుంది. 20 హెర్ట్జుల వద్ద ఈ పెంపు సుమారు 20 డెసిబెళ్ళు, అనగా పది రెట్లు. అందువల్ల విద్యుత్ సరఫరా నుండి చొరబడే 50 హెర్ట్జుల ‘హమ్’ కూడా సంగీతంతోపాటు పెరిగిపోతుంది.

ఇందులో ఒక ముఖ్య సూత్రం ఇమిడి ఉన్నది. మొదటి వాల్వు పుట్టించే రొదను ఆ తరువాత వచ్చే దశలన్నీ పెంచుతాయి. చివరి వాల్వు పుట్టించే రొదను పెంచడానికి వెనుక అన్ని దశలు ఉండవు. కాబట్టి ప్రీ ఆంప్లిఫయరులో ఒకే రకం వాల్వులు రెండు మూడు ఉన్నప్పుడు, వాటిలో అతి తక్కువ రొద చేసేదానిని మొదటి స్థానంలో ఉంచాలి. కొన్నిసార్లు కొత్త వాల్వు కొనకుండా, ఉన్నవాటినే స్థానాలు మార్చి పెట్టుకొన్నా రొద తగ్గుతుంది. ఖర్చులేని ఈ ప్రయత్నాన్ని ముందుగా చేయడం వివేకం.

వాల్వును ఎంచుకొనేవారు దానిపై ముద్రించిన గుర్తును చదవడం నేర్చుకోవాలి. ఐరోపా పద్ధతిలో ‘ఈసీసీ83’ అనే పేరులోని ‘ఈ’ అక్షరం వాల్వును వేడిచేసే హీటరు 6.3 వోల్టులదని తెలుపుతుంది. ‘సీ’ అంటే ట్రయోడు. రెండు ‘సీ’లు ఉన్నందున ఒకే గాజుబుడ్డిలో రెండు ట్రయోడులు ఉన్నాయని అర్థం. ఎనిమిదితో మొదలయ్యే రెండంకెల సంఖ్య తొమ్మిది కాళ్ళ చిన్న పీఠాన్ని సూచిస్తుంది. ఇదే వాల్వుకు అమెరికా పద్ధతిలో ‘12ఏఎక్స్7’ అని పేరు. హీటరులోని రెండు భాగాలను వరుసగా కలిపితే 12.6 వోల్టులు, సమాంతరంగా కలిపితే 6.3 వోల్టులు కావాలి. అందుకే ఒకే వస్తువుకు ఒక దేశంలో ఆరుకు సంబంధించిన పేరు, మరొక దేశంలో పన్నెండుకు సంబంధించిన పేరు వచ్చాయి. ఈ వాల్వును అమెరికాలోని ఆర్.సి.ఎ. సంస్థ 1947లో ప్రవేశపెట్టింది. అదే సంవత్సరం డిసెంబరులో బెల్ ప్రయోగశాలలో ట్రాన్సిస్టరు పుట్టింది. తనను తొలగించబోయే ప్రత్యర్థితో కలిసి పుట్టిన ఈ వాల్వు మాత్రం నేటికీ కొత్తగా తయారవుతూనే ఉన్నది.

ఈసీసీ83కు దగ్గరి బంధువులు ఈసీసీ82, ఈసీసీ81. అమెరికా పద్ధతిలో వీటిని వరుసగా 12ఏయూ7, 12ఏటీ7 అంటారు. ఈ మూడింటి కాళ్ళ అమరిక ఒక్కటే. ఒకదాని స్థానంలో మరొకటి సరిగ్గా అమరుతుంది. అయినంత మాత్రాన మూడూ సమానమైనవి కావు. వర్ధనాంకం ఈసీసీ83కు 100, ఈసీసీ81కి సుమారు 60, ఈసీసీ82కు సుమారు 17. ప్లేటు నిరోధం ఈసీసీ83లో సుమారు 62,500 ఓములు కాగా, ఈసీసీ82లో సుమారు 7,700 ఓములు మాత్రమే.

ఈ సంఖ్యల ప్రాముఖ్యాన్ని చిన్న లెక్కతో గ్రహించవచ్చు. వర్ధనాంకాన్ని భార నిరోధంతో గుణించి, ఆ లబ్ధాన్ని ప్లేటు నిరోధం, భార నిరోధాల మొత్తంతో భాగిస్తే ఆ దశ ఇచ్చే వర్ధనం తెలుస్తుంది. భార నిరోధం 1,00,000 ఓములు అనుకొందాం. ఈసీసీ83 సుమారు 61 రెట్లు పెంచుతుంది. అదే స్థానంలో ఈసీసీ82ను పెడితే 16 రెట్లు కూడా రాదు. పనిచేసే స్థితిని బట్టి ప్లేటు నిరోధం మారుతుంది కనుక ఇవి స్థూలమైన అంచనాలే. అయినా తేడా నాలుగు రెట్లకు చేరువగా ఉన్నదని స్పష్టమవుతున్నది. ఒక రకం వాల్వు కోసం లెక్కవేసి అమర్చిన నిరోధకాలు మరొక రకానికి సరిపోవు. విద్యుత్ ప్రవాహం మారుతుంది, ధ్వని సమతౌల్యం చెడవచ్చు. అందువల్ల తయారీదారు సూచించిన రకాన్నే వాడాలన్నది మొదటి నియమం.

అమరినదల్లా సరిపడదని చెప్పడానికి ఇంకొక ఉదాహరణ ఈసీసీ88. దీనికీ తొమ్మిది కాళ్ళే. చూపుకు ఇది ఈసీసీ83 వలెనే ఉంటుంది. కాని దీని హీటరు అమరిక వేరు. అది 6.3 వోల్టులతో మాత్రమే పనిచేస్తుంది. ప్లేటు వోల్టేజి పరిమితి కూడా చాలా తక్కువ. ఈసీసీ83 కోసం చేసిన స్థానంలో దానిని పెడితే వాల్వు పాడవుతుంది, పరికరమూ పాడుకావచ్చు.

వాల్వును మార్చడానికి ముందు లోపం వాల్వుదేనా అని విచారించాలి. ఆదోనిలో ఒక విద్యార్థికి తాతగారి నాటి ప్రీ ఆంప్లిఫయరు లభించిందనుకొందాం. దానిని ఆడిస్తే గరగర శబ్దం, సన్నని రొద వినిపిస్తున్నాయి. కొత్త వాల్వు కొనాలని ఎవరికైనా తోస్తుంది. అయితే కారణాలు వేరే ఉండవచ్చు. నల్లరేగడి నేలల దుమ్ము వాల్వు సాకెట్టులో చేరి ఉండవచ్చు. సాకెట్టు లోపలి పట్లు వదులై ఉండవచ్చు. పాత కాగితపు కెపాసిటర్ల నుండి విద్యుత్తు కారుతూ ఉండవచ్చు. విద్యుత్ సరఫరాలోని ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లు ఎండిపోయి ఉండవచ్చు. నిరోధకాల విలువలు కాలక్రమంలో మారి ఉండవచ్చు. గ్రామఫోను ముల్లే అరిగిపోయి ఉండవచ్చు. అరిగిన ముల్లు ధ్వనిని చెడగొట్టడమే కాదు, రికార్డును కూడా కోసివేస్తుంది. ఇలాంటి లోపాలను అలాగే ఉంచి ఎంత ఖరీదైన వాల్వు పెట్టినా ఫలితం ఉండదు. చెరువుకు గండి పడితే కాలువ పూడిక తీసినట్లు అవుతుంది ఆ ప్రయత్నం.

సరఫరా వోల్టేజి కూడా పరిశీలించదగినదే. 230 వోల్టుల వద్ద 6.3 వోల్టులు ఇచ్చే హీటరు సరఫరా, ఇంటికి 250 వోల్టులు వచ్చినప్పుడు సుమారు 6.85 వోల్టులు ఇస్తుంది. హీటరు అతిగా వేడెక్కితే కాథోడుపై పూతగా ఉన్న బేరియం, స్ట్రాన్షియం ఆక్సైడులు త్వరగా నశిస్తాయి. హీటరు చాలినంత వేడెక్కకపోతే కాథోడు కావలసినన్ని ఎలక్ట్రానులను ఇవ్వలేదు. కొత్త వాల్వు కొన్న కొద్దికాలానికే నీరసపడుతుంటే, మొదట వోల్టేజిని కొలిపించడం అవసరం.

ఈ పరిశీలనలన్నీ ముగిసిన తరువాత వాల్వు ఆరోగ్యాన్ని చూడాలి. మంచి వాల్వు గాజులోపల సాధారణంగా పైభాగాన అద్దంవంటి వెండిపూత కనిపిస్తుంది. దీనిని ‘గెట్టరు’ అంటారు. లోపల మిగిలిన వాయువులను పీల్చుకోవడానికి బేరియంతో దీనిని ఏర్పాటు చేస్తారు. అది పాలవలె తెల్లగా మారితే గాజులోనికి గాలి చొరబడినదని గ్రహించాలి. అటువంటి వాల్వు పనికిరాదు. వెండిపూత చక్కగా ఉన్నంత మాత్రాన కాథోడు బలంగా ఉన్నదని చెప్పలేము. దానిని వాల్వు పరీక్షాయంత్రం మీద కొలిచి తెలుసుకోవాలి. కాళ్ళు వంగాయా, గాజుకు బీటలు ఉన్నాయా అన్నది కంటితోనే చూడవచ్చు.

వాల్వులో కలిగే దోషాలను చెవితో గుర్తించే మార్గాలు కూడా ఉన్నాయి. ఎడతెగని ‘హుష్’ అనే రొద ఎలక్ట్రానుల ప్రవాహంలోని సహజమైన ఒడుదొడుకుల వల్ల కలుగుతుంది. ఇది ప్రతి వాల్వులోనూ కొంత ఉంటుంది, ఒకదానిలో ఎక్కువ, మరొకదానిలో తక్కువ. ‘హమ్’ తరచుగా హీటరు నుండి కాథోడుకు విద్యుత్తు కారడం వల్ల కలుగుతుంది. మూడవది మైక్రోఫోనీ. లోపలి తీగలు వదులైనప్పుడు బయటి కదలికకు అవి కంపిస్తాయి. ఆ కంపనం విద్యుత్ సంకేతమై స్పీకరులో గంటవలె మోగుతుంది. పరికరం ఆడుతున్నప్పుడు శబ్దాన్ని తగ్గించి, పెన్సిలు వెనుక ఉన్న రబ్బరుతో గాజును మెల్లగా తట్టితే ఈ దోషం బయటపడుతుంది. ప్రతి వాల్వూ తట్టినప్పుడు కొద్దిగా పలుకుతుంది. మోత ఆగకుండా సాగితేనే దానిని దోషంగా భావించాలి.

ఇక పాత వాల్వు మంచిదా, కొత్త వాల్వు మంచిదా అన్న వివాదం ఉన్నది. ఇంగ్లండులోని మలార్డ్, జర్మనీలోని టెలిఫంకెన్, అమెరికాలోని ఆర్.సి.ఎ. సంస్థలు ఒకప్పుడు లక్షల సంఖ్యలో వాల్వులను ఉత్పత్తి చేశాయి. ఆనాటి యంత్రాలు, నిపుణులైన కార్మికులు, కఠినమైన పరీక్షలు ఆ వాల్వులకు మంచి పేరు తెచ్చిపెట్టిన మాట నిజం. కొన్ని ప్రత్యేక శ్రేణుల వాల్వులకు 10,000 గంటల ఆయుష్షును నిర్దేశించారు. రోజుకు రెండు గంటలు వాడితే అది పదమూడేళ్ళకు పైగా సరిపోతుంది. ఆ కర్మాగారాలలో వాటి తయారీ ఏనాడో ఆగిపోయింది. నేటి కొత్త వాల్వులు ముఖ్యంగా స్లొవేకియా, రష్యా, చైనా దేశాలలో తయారవుతున్నాయి. 2022లో రష్యా నుండి ఎగుమతులకు ఆటంకం కలిగినప్పుడు ప్రపంచమంతటా వాల్వుల ధరలు పెరిగాయి. ఇంత చిన్న వస్తువు కూడా ఎన్ని దేశాల స్థితిగతులతో ముడిపడి ఉన్నదో దీనివల్ల తెలుస్తుంది.

పాత వాల్వులకు గిరాకీ పెరగడంతో మోసాలు కూడా పెరిగాయి. గాజుపై ఉండే పేరు వట్టి రంగు మాత్రమే. దానిని తుడిచి మరొక గొప్ప పేరు అచ్చువేయడం కష్టం కాదు. ఫిలిప్స్ కుటుంబానికి చెందిన కర్మాగారాలు గాజుపై చిన్న గుర్తులు వేసేవి. పై వరుస వాల్వు రకాన్ని, కింది వరుస కర్మాగారాన్ని, కాలాన్ని తెలిపేవి. ఉదాహరణకు కింది వరుసలో ‘బీ8సీ2’ అని ఉంటే ‘బీ’ ఇంగ్లండులోని బ్లాక్‌బర్న్ కర్మాగారాన్ని, ‘8’ సంవత్సరపు చివరి అంకెను, ‘సీ’ మార్చి నెలను, ‘2’ రెండవ వారాన్ని సూచిస్తాయి. చివరి అంకె ఒక్కటే ఉన్నందున అది 1958వ సంవత్సరమో, 1968వ సంవత్సరమో ఇతర లక్షణాలను బట్టి నిర్ణయించాలి. టెలిఫంకెన్ వాల్వులలో చాలావాటికి అడుగున కాళ్ళ నడుమ గాజులోనే వజ్రాకారపు గుర్తు ఉంటుంది. హైదరాబాదు కోఠిలోని గుజరాతీ గల్లీలోనో, బెంగుళూరు ఎస్.పి. రోడ్డులోనో పాత సామాను వెదికేవారికి ఈ పరిజ్ఞానం ఉపకరిస్తుంది. అయితే గుర్తు నిజమైనదైనా వాల్వు వాడి వదిలేసినది కావచ్చు. వంశం గొప్పదైనంత మాత్రాన ఆరోగ్యం కూడా ఉంటుందని నమ్మలేము కదా!

వాల్వు ధ్వనికి కొందరు తీపిదనాన్ని ఆపాదిస్తారు. దీనికి శాస్త్రీయమైన ఆధారం కొంత ఉన్నది. ఏ ఆంప్లిఫయరైనా మూలస్వరానికి తనవైన కొన్ని ఉపస్వరాలను చేరుస్తుంది. ట్రయోడు చేర్చే ఉపస్వరాలలో ప్రధానమైనది మూలస్వరానికి రెట్టింపు పౌనఃపున్యం గలది. 240 హెర్ట్జుల షడ్జానికి అది 480 హెర్ట్జుల తారషడ్జం. మూడు రెట్ల పౌనఃపున్యం గల ఉపస్వరం తారస్థాయి పంచమం అవుతుంది. షడ్జ పంచమాలు తంబురా శ్రుతిలో ఉన్నవే. కనుక ఇవి కొద్దిగా కలిసినప్పుడు చెవికి అపస్వరాలుగా తోచవు, నిండుదనంగా తోస్తాయి. కాని సుఖంగా వినిపించడం వేరు, ఉన్నది ఉన్నట్లు వినిపించడం వేరు. గాయకుని గొంతులో లేని నిండుదనాన్ని యంత్రం చేరిస్తే అది హై-ఫై అనే మాటకు న్యాయం చేసినట్లు కాదు. అది వ్యక్తిగత అభిరుచికి సంబంధించిన విషయం. అభిరుచిని తప్పుపట్టనవసరం లేదు, అయితే దానిని మెరుగుదల అని పిలవకూడదు.

ఒకే రకానికి చెందిన రెండు ఆరోగ్యవంతమైన వాల్వుల నడుమ తేడా సాధారణంగా స్వల్పంగానే ఉంటుంది. ఆ స్వల్పమైన తేడాను నిర్ణయించడంలో మనసు చెవిని మోసగిస్తుంది. వెయ్యి రూపాయల వాల్వు కంటె పదివేల రూపాయల వాల్వు బాగా పలకాలని మనసు ముందే తీర్మానించుకొంటుంది. పైగా రెండు ధ్వనులలో ఒకటి కొంచెం బిగ్గరగా ఉంటే, అది బిగ్గరగా ఉన్నదని కాక, బాగున్నదని అనిపిస్తుంది. కాబట్టి పోల్చేటప్పుడు రెండింటి స్థాయిని మీటరుతో సమానం చేయాలి. వాల్వు మార్చి వేడెక్కించేలోగా మొదటి ధ్వని జ్ఞాపకం మసకబారుతుంది కనుక, ఒకే రికార్డును రెండు వాల్వులతో ఆడించి కంప్యూటరులో నమోదు చేసుకోవడం మేలు. పరీక్షకు బాగా పరిచయమైన సంగీతాన్నే తీసుకోవాలి. ఘంటసాల భగవద్గీత రికార్డు కావచ్చు, వీణ కచేరీ కావచ్చు, మంత్రాలయంలో నిత్యం వినిపించే దాసుల కీర్తన కావచ్చు. మనిషి గొంతు, వీణతీగ, మృదంగపు దెబ్బ ఎలా ఉంటాయో చెవికి ముందే తెలుసు.

ఆ తరువాత మిత్రుడొకడు రెండు నమోదులను ఏది ఏదో చెప్పకుండా, వరుస మార్చి మార్చి వినిపించాలి. వినేవాడు ప్రతిసారీ అది ఏ వాల్వుదో చెప్పాలి. పది సార్లు ఇలా చేశారనుకొందాం. ఏ తేడా తెలియకుండా ఊహించి చెప్పినా సగటున ఐదు సమాధానాలు సరిపోతాయి. కనుక ఆరు సరిపోయినంత మాత్రాన సంబరపడకూడదు. ఊహ మాత్రంతో తొమ్మిది గాని పది గాని సరిపోయే అవకాశం 1024లో 11, అనగా సుమారు నూటికి ఒకటి. అన్ని సరైన సమాధానాలు వస్తే తేడా నిజంగానే వినిపిస్తున్నదని నమ్మవచ్చు. రాకపోతే పదివేల రూపాయలు మిగిలినట్లే. గణితంలో చదువుకొనే సంభావ్యత సంగీతపు గదిలో కూడా ఇలా అక్కరకు వస్తుంది.

ఈ విషయంలో ఒక హెచ్చరిక అత్యవసరం. వాల్వు పరికరాలలో 250 నుండి 300 వోల్టుల వరకు ఏకముఖ విద్యుత్తు ఉంటుంది. అది ప్రాణాంతకం. మీట ఆపి తీగ ఊడదీసిన తరువాత కూడా కెపాసిటర్లలో ఆవేశం నిలిచి ఉంటుంది. అందువల్ల పరికరపు అడుగుభాగాన్ని విద్యార్థులు సొంతంగా విప్పరాదు. ఆ పని తెలిసిన మెకానిక్కు చేతనే చేయించాలి. బయటికి కనిపించే వాల్వును మార్చవలసి వచ్చినా ముందు విద్యుత్ తీగను గోడనుండి తీసివేయాలి. వాల్వు చల్లారే వరకు ఆగాలి. అటూ ఇటూ బలంగా వంచకుండా నిలువుగా మెల్లగా లాగాలి. కొత్తదానిని పెట్టేటప్పుడు కాళ్ళ వరుసలోని ఖాళీని సాకెట్టులోని ఖాళీతో సరిచూసుకోవాలి.

పాత వాల్వుల నిల్వ తరిగేదే కాని పెరిగేది కాదు. ‘బెల్’ ముద్ర గల రేడియో వాల్వు నేడు ఒకటి పగిలితే దాని స్థానంలో కొత్తది రాదు. కొందరు పనిచేస్తున్న పాత రేడియోలను కొని, వాల్వులు ఊడబెరికి అమ్ముకొని, చెక్కపెట్టెలను పారవేస్తున్నారు. అలా పోయిన ప్రతి రేడియోతో ఒక ఊరు ధ్వనిని విన్న చరిత్రలో కొంత భాగం పోతున్నది. ప్రీ ఆంప్లిఫయరుకు కావలసిన ఈసీసీ83 నేటికీ కొత్తగా దొరుకుతున్నప్పుడు, దాని కోసం రేడియోను బలిచేయవలసిన అవసరం లేదు. పాత వాల్వు పాత పరికరానికే చెందాలి. ఇంటి అటక మీద దుమ్ముపట్టిన రేడియో కనిపిస్తే దానిని వెంటనే విద్యుత్తుకు కలపకూడదు, పాత సామాను వాడికి అప్పగించనూ కూడదు. తెలిసినవారి చేత కెపాసిటర్లను పరీక్ష చేయించి, వోల్టేజిని కొలిపించి, ఆ తరువాతనే వాల్వుల సంగతి చూడాలి. చాలా సందర్భాలలో అవి ఇంకా పలకడానికి సిద్ధంగానే ఉంటాయి.